ఎక్కువ ఆక్సిజన్ నుంచి ఊపిరితిత్తుల్ని కాపాడే ప్రోటీన్లు మన ఒంట్లో ఉన్నాయా? వాటిని పెంచుకోవచ్చా?

డోన్ నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల నాయన న్యుమోనియాతో వారం రోజులుగా ఐసీయూలో ఉన్నారు, మాస్క్‌తో ఆక్సిజన్ పెట్టారు. సాచురేషన్ (రక్తం ఎంత శాతం ఆక్సిజన్‌తో నిండి ఉందో చెప్పే లెక్క) 99 చూపిస్తుంటే సిస్టర్ వచ్చి ఆక్సిజన్ తగ్గించి 94 దగ్గర నిలిపిందట. ఇంట్లోవాళ్లు గొడవపడితే, ఎక్కువ ఆక్సిజన్ ఊపిరితిత్తులకే చెరుపు అని డాక్టర్ చెప్పారట. ఆ తర్వాత ఈయన ఎక్కడో చదివారు, దీని నుంచి కాపాడే సిగ్నల్ ప్రోటీన్లు ఒంట్లోనే ఉంటాయని. అవి నిజంగా ఉన్నాయా, వాటిని పెంచే మందో తిండో ఏమైనా ఉందా అని అడుగుతున్నారు.

నేను కర్నూలులో ఊపిరితిత్తుల డాక్టర్‌ని. నా పనిలో సగం ఐసీయూలోనే, ఆక్సిజన్ ఎంత పెట్టాలి, ఎప్పుడు తగ్గించాలి అనేదానితోనే గడుస్తుంది.

ముందు సూటిగా చెప్తాను. అవును, అలాంటి ప్రోటీన్లు ఉన్నాయి, ఈ నిమిషంలో మీ నాయన ఊపిరితిత్తుల్లో పని చేస్తూనే ఉన్నాయి. కానీ వాటిని పెంచడానికి ఈ అవసరం కోసం నిరూపించిన మాత్ర గానీ ఇంజెక్షన్ గానీ ఇప్పటికి లేదు. వాటికి మనం చేయగలిగిన పెద్ద సాయం ఆక్సిజన్‌ని అవసరానికి మించి పెట్టకపోవడమే. అంటే ఆ సిస్టర్ చేసినదే అసలు వైద్యం. ఆమె మీద కోపం పెట్టుకోకండి.

ఇక ఎందుకో చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం. మన ఊపిరితిత్తులు దానికి తగ్గట్టు తయారైనవి. కణం లోపల ఆక్సిజన్ నుంచి శక్తి తయారయ్యేటప్పుడు కొన్ని ఎలక్ట్రాన్లు దారి తప్పి నేరుగా ఆక్సిజన్‌ని అంటుకుంటాయి, అప్పుడు పుట్టేదే సూపరాక్సైడ్. దాని నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్, ఇంకా ఘాటైనవి కొన్ని పుడతాయి. ఇవి కణం గోడలోని కొవ్వుని, ప్రోటీన్లని, చివరికి డీఎన్ఏని కూడా పాడు చేస్తాయి. మామూలు గాలిలో కూడా ఇవి కొద్దికొద్దిగా పుడుతూనే ఉంటాయి, ఒళ్లు వాటిని ఎప్పటికప్పుడు శుభ్రం చేసుకుంటూ ఉంటుంది. ఆక్సిజన్ 80, 90, 100 శాతానికి పోయినప్పుడు పుట్టేది ఎక్కువై శుభ్రం చేసేది చాలకుండా పోతుంది. ఊపిరితిత్తులకు జరిగే ఈ నష్టాన్ని 1899లోనే జేమ్స్ లొరేన్ స్మిత్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఎలుకల జాతి జంతువుల్లో చూపించాడు. దీని వెనక ఉన్నవి ఈ ఘాటు పదార్థాలే, అంటే ఫ్రీ రాడికల్సే అని 1954లో రెబెకా గెర్ష్‌మాన్ బృందం చెప్పింది. సూపరాక్సైడ్‌ని విరిచేసే ఎంజైమ్, సూపరాక్సైడ్ డిస్మ్యూటేజ్, మన ఒంట్లోనే ఉందని 1969లో మెకార్డ్, ఫ్రిడోవిచ్ కనుక్కున్నారు.

దెబ్బ ముందు తగిలేది సన్న రక్తనాళాల లోపలి పొరకి. ఆ పొర కారడం మొదలైతే గాలి గదుల్లోకి నీరు దిగుతుంది, వాపు వస్తుంది, చూడడానికి అచ్చం న్యుమోనియా ముదిరినట్టే ఉంటుంది. ఐసీయూలో మాకు ఉండే పెద్ద టెన్షన్ ఇదే. జబ్బు వల్ల ఎక్స్‌రే పాడైందా, మేం పెట్టిన ఆక్సిజన్ వల్ల కూడా కొంత పాడైందా అని విడదీసి చెప్పడం చాలా కష్టం. ఆరోగ్యంగా ఉన్న మనిషి 100 శాతం ఆక్సిజన్ పీలుస్తూ కూర్చున్నా ఒక రోజు లోపలే రొమ్ము ఎముక వెనక మంట, పొడిదగ్గు మొదలవుతాయి.

ఇక మీరడిగిన ప్రోటీన్ల సంగతి. వీటిలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఎన్ఆర్ఎఫ్2. మామూలుగా ఉన్నప్పుడు కీప్1 అనే ఇంకో ప్రోటీన్ దీన్ని పట్టుకుని ఉంటుంది, పట్టుకోవడమే కాదు, విరిచేయమని గుర్తు కూడా వేయిస్తుంది. అందుకని ఎన్ఆర్ఎఫ్2 పుట్టిన అరగంట లోపలే మాయమైపోతూ ఉంటుంది. కణంలో ఆ ఘాటు పదార్థాలు పెరగగానే అవి కీప్1 మీద ఉండే సిస్టీన్ అనే భాగాలకు తగులుకుంటాయి, దాని ఆకారం మారుతుంది, అప్పటి నుంచి అది ఎన్ఆర్ఎఫ్2ని విరిచేయించలేదు. కొత్తగా పుట్టిన ఎన్ఆర్ఎఫ్2 నేరుగా కణ కేంద్రకంలోకి పోయి డీఎన్ఏ మీద తనకంటూ ఉన్న చోట కూర్చుని ఒకేసారి ఎన్నో జన్యువుల్ని లేపుతుంది: ఆ ఘాటు పదార్థాల్ని శుభ్రం చేసే గ్లూటాథయోన్‌ని తయారు చేసేవి, హీమ్ ఆక్సిజనేజ్-1, ఎన్‌క్యూఓ1 అనే రక్షణ ఎంజైముల్ని తయారు చేసేవి, ఇలాంటివి. నష్టం చేసే పదార్థమే రక్షణని కూడా పిలుస్తుందన్నమాట. ఈ ఏర్పాటు గురించి చదివిన ప్రతిసారీ నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది. ఎన్ఆర్ఎఫ్2 జన్యువు తీసేసిన చిట్టెలుకల్ని ఎక్కువ ఆక్సిజన్‌లో పెడితే మామూలు చిట్టెలుకల కంటే ఊపిరితిత్తులు బాగా ఎక్కువ దెబ్బతిన్నాయని 2002లో తేలింది. అంటే ఇది పుస్తకాల్లో మాటగా మిగిలిపోయినది కాదు, లేకపోతే నిజంగానే తేడా పడుతుంది.

కానీ ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఈ రక్షణ లేవడానికి టైం పడుతుంది. జన్యువు లేవాలి, ప్రోటీన్ తయారవ్వాలి, చాలినంత నిల్వ పడాలి. ఎలుకల్ని నేరుగా 100 శాతం ఆక్సిజన్‌లో పెడితే చాలావరకు మూడు రోజుల్లో చనిపోతాయి. అవే ఎలుకల్ని ముందు 85 శాతంలో ఒక వారం ఉంచి ఆ తర్వాత 100 శాతంలోకి మారిస్తే చాలా వరకు బతుకుతాయి. ఆ వారంలో ఊపిరితిత్తుల్లో సూపరాక్సైడ్ డిస్మ్యూటేజ్ లాంటివి పెరుగుతాయి, లోపలి పొర కూడా మారుతుంది. మే నెల అనంతపురం ఎండలో రోజూ పని చేసే కూలీకి, ఏసీ గదిలో నుంచి ఒక్కసారిగా వచ్చి చేనులో నిలబడిన మనిషికి ఉన్న తేడా లాంటిది ఇది. అయితే దీన్ని పట్టుకుని మనుషులకు కూడా ముందు 85 పెట్టి అలవాటు చేద్దాం అనుకోకూడదు. మనిషి ఊపిరితిత్తులు ఎలుకవి కావు, పైగా జబ్బుతో ఉన్న ఊపిరితిత్తులకు ఆ వారం ఓపిక ఉండదు.

రెండో రకం సిగ్నళ్లు వేరే పని చేస్తాయి. మంటని ఆర్పడం కాకుండా, దెబ్బతిన్న కణం చచ్చిపోకుండా చూడడం, పోయిన కణం చోట కొత్తది వచ్చేలా చేయడం వీటి పని. ఇంటర్‌లూకిన్-6, ఇంటర్‌లూకిన్-11 అనే సిగ్నల్ ప్రోటీన్లు ఊపిరితిత్తుల్లో ఎక్కువగా తయారయ్యేలా మార్చిన చిట్టెలుకలు 100 శాతం ఆక్సిజన్‌లో మామూలువాటి కంటే ఎన్నో రోజులు ఎక్కువ బతికాయి. ఈ ఇంటర్‌లూకిన్లు కణం బయట తగులుకుంటే లోపల స్టాట్3 అనే ప్రోటీన్ లేస్తుంది, అది బీసీఎల్-2 లాంటి, కణాన్ని చావనివ్వని ప్రోటీన్లను పెంచుతుంది. ఏకేటీ అనే ఇంకో సిగ్నల్‌ది కూడా దాదాపు ఇదే దారి. కెరటినోసైట్ గ్రోత్ ఫ్యాక్టర్ అని ఒకటుంది, దాన్ని ముందుగా శ్వాసనాళంలోకి ఇచ్చిన ఎలుకలు ఆక్సిజన్ దెబ్బని బాగా తట్టుకున్నాయి, ఎందుకంటే అది గాలి గదుల్లోని టైప్-2 కణాల్ని పెంచుతుంది. గాలి గదులు ముడుచుకుపోకుండా ఉంచే సర్ఫాక్టెంట్ అనే పదార్థాన్ని తయారు చేసేవి ఆ టైప్-2 కణాలే, పక్కన కణం పోతే తామే పెరిగి ఆ చోటు పూడ్చేవి కూడా.

ఇంటర్‌లూకిన్-6 పేరు మీలో చాలామంది 2021లో విని ఉంటారు. కోవిడ్‌లో టోసిలిజుమాబ్ ఇంజెక్షన్ కోసం జనం ఊళ్లు తిరిగారు కదా, ఆ ఇంజెక్షన్ చేసే పని ఈ ఇంటర్‌లూకిన్-6ని అడ్డుకోవడమే. ఒక జబ్బులో దాన్ని ఆపితే మేలు, ఇంకో చోట అది లేకపోతే ముప్పు. అందుకే ఈ ప్రోటీన్ మంచిది, దీన్ని పెంచుదాం అని ఎవరన్నా సులువుగా చెప్తే నాకు నచ్చదు. ఎప్పుడు, ఎక్కడ, ఎంత అనేది తెలియకుండా వీటిలో ఏదీ మంచిదీ కాదు, చెడ్డదీ కాదు.

ఇంకొకటి తప్పకుండా చెప్పాలి, హిఫ్ అనే ప్రోటీన్. కణానికి ఆక్సిజన్ ఎంత ఉందో దీని ద్వారానే తెలుస్తుంది. దీని మీద పనికే కెలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజా అనే ముగ్గురికి 2019లో నోబెల్ వచ్చింది. ఆక్సిజన్ బాగా ఉంటే హిఫ్ విరిగిపోతుంది, తక్కువగా ఉంటే నిలబడి వీఈజీఎఫ్ లాంటి, రక్తనాళాల్ని పెంచే సిగ్నళ్లను లేపుతుంది. పెద్దవాళ్లకంటే నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో దీని ప్రభావం ఎక్కువ. కడుపులో బిడ్డ చాలా తక్కువ ఆక్సిజన్‌లో పెరుగుతుంది, ఊపిరితిత్తుల రక్తనాళాలు ఆ హిఫ్, వీఈజీఎఫ్ ఉండబట్టే సాగుతుంటాయి. ఏడో నెలలో పుట్టిన బిడ్డకి ఒక్కసారిగా ఎక్కువ ఆక్సిజన్ తగిలితే ఆ సిగ్నల్ పడిపోతుంది, గాలి గదులు విడివడడం అక్కడే ఆగిపోతుంది. పైగా ఆ ఆక్సిజన్‌ని తట్టుకునే ఎంజైములు గర్భంలో చివరి వారాల్లోనే బాగా పెరుగుతాయి, ఆ బిడ్డకి ఆ వారాలే దక్కలేదు. 1967లో నార్త్‌వే బృందం మొదటిసారి వివరించిన బ్రాంకోపల్మనరీ డిస్‌ప్లేసియాకి, అంటే నెలలు నిండని పిల్లల్లో ఊపిరితిత్తులు సరిగా ఎదగని జబ్బుకి, ఇదొక పెద్ద కారణం. అదే ఆక్సిజన్ కంటి రెటీనాని కూడా పాడు చేస్తుంది. అందుకే నెలలు నిండని పిల్లలకు సాచురేషన్ 90 నుంచి 95 మధ్యలో ఉంచుతారు, మన దేశంలో 34 వారాలు నిండకుండా పుట్టినా, రెండు కిలోల లోపు బరువున్నా నెలలోపే కంటి పరీక్ష చేయించమంటారు. ఇది చదివే వాళ్లలో అలాంటి బిడ్డ ఉన్న ఇల్లు ఉంటే, బిడ్డ బాగానే తాగుతున్నాడు కదా అని ఆ పరీక్ష మాత్రం వదలకండి.

సరే, మందులు ఎందుకు లేవు? ప్రయత్నించలేదని కాదు. నెలలు నిండని పిల్లలకు సూపరాక్సైడ్ డిస్మ్యూటేజ్‌నే తయారు చేసి శ్వాసనాళంలోకి ఇచ్చి చూశారు. ఊపిరితిత్తుల జబ్బు అనుకున్నట్టు తగ్గలేదు, తర్వాత ఏడాదిలో పిల్లికూతలు, మందుల అవసరం మాత్రం కొంత తగ్గాయి. ఎన్ఆర్ఎఫ్2ని లేపే బార్డాక్సొలోన్ అనే మందుని షుగర్ వల్ల కిడ్నీ పాడైనవాళ్లకు ఇచ్చి చూస్తే గుండె వైఫల్యం ఎక్కువై 2012లో ఆ ప్రయోగం ఆపేశారు. అదే కోవలోని ఒమావెలోక్సొలోన్‌కి 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది గానీ, ఫ్రీడ్‌రైక్ అటాక్సియా అనే నరాల జబ్బుకి. ఊపిరితిత్తుల ఆక్సిజన్ దెబ్బకి కాదు.

ఇంకో మాట, దీన్ని ఎప్పుడూ లేచే ఉండేలా చేయడం కూడా ప్రమాదమే. ఊపిరితిత్తుల క్యాన్సర్లలో కొన్నిటిలో కీప్1 జన్యువు పాడై ఎన్ఆర్ఎఫ్2 ఎప్పుడూ లేచే ఉంటుంది, అప్పుడు ఆ రక్షణ అంతా క్యాన్సర్ కణానికి పోతుంది, మందులకు లొంగదు. యాంటీఆక్సిడెంట్ మాత్రలు ఊరికే మింగడం గురించి కూడా ఇదే చెప్తాను. పొగ తాగేవాళ్లకు బీటా కెరోటిన్ ఇచ్చిన రెండు పెద్ద ప్రయోగాల్లో, 1994లో ఒకటి, 1996లో ఒకటి, ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగింది. మీ నాయనకు బీడీ అలవాటు ఉండి ఉంటే ఆ మాత్రల జోలికి అసలు పోకండి. పసుపు, ఆవాలు, క్యాబేజీ ఎన్ఆర్ఎఫ్2ని లేపుతాయని నెట్‌లో చదివి ఉంటారు. గిన్నెలో పెంచిన కణాల మీద ఆ పదార్థాలు పని చేస్తాయి, నిజమే, కూరలో తినండి, మంచిదే. కానీ ఐసీయూలో ఉన్న మనిషికి పసుపు నీళ్లు తాగించి ఆక్సిజన్ పెంచుకోవచ్చు అనుకుంటే అది చాలా తప్పు.

తిండి విషయంలో నిజంగా పనికొచ్చేది ఒకటుంది, దాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. మాంసకృత్తులు. ఇందాక చెప్పిన గ్లూటాథయోన్ మూడు అమైనో ఆమ్లాలతో తయారవుతుంది, వాటికి ముడిసరుకు ఎక్కువగా తిండిలోని ప్రోటీన్ నుంచే వస్తుంది. ప్రోటీన్ తగ్గించిన ఎలుకలు ఆక్సిజన్ దెబ్బకి త్వరగా పడిపోతాయని 1980ల్లోనే చూశారు. మన దగ్గర జబ్బు మనిషికి గంజి, బ్రెడ్డు, కొబ్బరినీళ్లు తప్ప ఏమీ పెట్టరు, జ్వరంలో గుడ్డు, పప్పు వేడి చేస్తాయంటారు. ఎక్కువ ఆక్సిజన్ మీద ఉన్న మనిషికి అదే అవసరం. నోటితో తినలేకపోతే ముక్కులోంచి కడుపులోకి వేసే రైల్స్ ట్యూబ్‌లో ఇచ్చే ఫీడ్‌లో ప్రోటీన్ ఎంత పోతోంది అని డాక్టర్‌ని అడగండి. కిడ్నీ సమస్య ఉంటే లెక్క మారుతుంది, అందుకే అడిగి ఇవ్వండి.

ఇప్పుడు 99 నుంచి 94కి ఎందుకు తగ్గించారో చెప్తాను. వేలికి పెట్టే మిషన్ 100 దాటి చూపించలేదు. అది 99, 100 చూపిస్తున్నప్పుడు రక్తంలో ఆక్సిజన్ పీడనం 100 ఉండొచ్చు, 400 ఉండొచ్చు, బయట నుంచి తెలియదు. 94 దగ్గర ఉంటే మనం ఎక్కడున్నామో తెలుస్తుంది. మామూలు పెద్దవాళ్లకు 94 నుంచి 98, సీఓపీడీ అనే దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బుతో బొగ్గుపులుసు వాయువు నిలబడిపోయే మనుషులకు 88 నుంచి 92 చాలు. విషమంగా ఉన్న రోగులకు ధారాళంగా ఆక్సిజన్ ఇచ్చినప్పుడు మరణాలు కొంత పెరిగాయని 2018లో ఎన్నో ప్రయోగాలను కలిపి చూసిన విశ్లేషణలో తేలింది. తర్వాత వచ్చిన కొన్ని ప్రయోగాల్లో తేడా కనపడలేదు, అందువల్ల ఈ చర్చ ఇంకా నడుస్తోంది. కానీ అవసరం లేని ఆక్సిజన్ వల్ల మేలు జరిగిందని మాత్రం ఆ విశ్లేషణ చెప్పలేదు.

బేతంచెర్ల వైపు నాపరాయి పాలిష్ పని చేసి, రాతి దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడిన మనుషులు మా దగ్గరికి చాలామంది వస్తారు. వాళ్లలో కొందరికి మామూలు రోజుల్లోనే 90 ఉంటుంది. అలాంటి ఒకాయనకు ఇన్ఫెక్షన్ వచ్చి చేరితే, రాత్రి పక్కన పడుకున్న కొడుకు మీటర్‌లో 91 చూసి భయపడి నాబ్ తిప్పి పెంచేవాడు, మేం పొద్దున తగ్గించేవాళ్లం. ఆ అబ్బాయిది ప్రేమే, తప్పు పట్టలేం. కూర్చోబెట్టి ఇదంతా చెప్పాక అతనే రాత్రిపూట నాన్న మీటర్‌ని కాపలా కాశాడు, 92 దాటితే సిస్టర్‌ని పిలిచేవాడు.

మా జిల్లాల్లో ఎప్పటికీ మరిచిపోకూడనిది ఇంకొకటి. పారాక్వాట్ గడ్డిమందు. అది ఊపిరితిత్తుల్లో చేరి ఆక్సిజన్‌ని పట్టుకుని సూపరాక్సైడ్‌ని మళ్లీ మళ్లీ పుట్టిస్తుంది, ఆ క్రమంలో కణం రక్షణకి కావలసిన నిల్వని కూడా ఖాళీ చేస్తుంది. దానికి విరుగుడు లేదు. అలాంటి మనిషికి సాచురేషన్ బాగా పడిపోతే తప్ప ఆక్సిజన్ పెట్టం, పెడితే మంటకి గాలి వేసినట్టే. ఆయాసపడుతుంటే చూస్తూ ఊరుకున్నారు అని బంధువులు ఏడుస్తారు, ఆ ఏడుపు మాకూ భరించలేనిదే. ఎవరైనా పొరపాటున గానీ, బాధలో గానీ ఆ మందు కొంచెం మింగినా, పైకి బాగానే ఉన్నా, ఆ డబ్బా తీసుకుని వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి, గంటలు కూడా ముఖ్యమే. బ్లియోమైసిన్ అనే క్యాన్సర్ మందు తీసుకున్నవాళ్లకు కూడా ఎక్కువ ఆక్సిజన్ ముప్పే, వాళ్లు ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టర్‌కి ఆ సంగతి తప్పకుండా చెప్పాలి.

ఇదంతా చదివి ఆక్సిజన్ అంటేనే భయపడకండి. ఆక్సిజన్ తక్కువైతే ప్రాణం నిమిషాల్లో పోతుంది, ఎక్కువైతే నష్టం గంటల్లో, రోజుల్లో వస్తుంది. అవసరమైన చోట 100 శాతం పెట్టడానికి మేం ఒక్క క్షణం కూడా ఆలోచించం. ఇంట్లో కాన్సన్‌ట్రేటర్‌తో ముక్కు గొట్టంలో రెండు లీటర్లు తీసుకుంటున్నవాళ్లకు లోపలికి పోయేది అంచనాగా 28 శాతమే, దానితో ఈ ఊపిరితిత్తుల దెబ్బ గురించి బెంగ పడక్కర్లేదు, వాళ్లు డాక్టర్‌ని అడగకుండా ఆపేయకూడదు. ఊపిరితిత్తులకు అసలు ముప్పు 60 శాతం దాటి రోజుల తరబడి నడిచినప్పుడు. సంచి ఉన్న మాస్క్‌తో పది పదిహేను లీటర్లు, హై ఫ్లో, వెంటిలేటర్, వీటిలో ఆ మోతాదుకి చేరుకుంటాం.

మీరు రేపు పొద్దున రౌండ్స్‌లో డాక్టర్‌ని అడగాల్సింది, "ఈ రోజు ఆక్సిజన్ ఎంత శాతం మీద ఉన్నారు సార్, నిన్నటికంటే తగ్గిందా?" అని. లీటర్లు కాదు, సాచురేషన్ కాదు, లోపలికి పోతున్న గాలిలో ఆక్సిజన్ శాతం అడగండి. బోర్లా పడుకోబెట్టడం, కఫం తీయించడం, ఊపిరి వ్యాయామం లాంటివి ఆయనకు కుదురుతాయా అని కూడా అడగండి, ఎందుకంటే అవి చేస్తే తక్కువ ఆక్సిజన్‌తోనే అదే సాచురేషన్ వస్తుంది. ఆయన వేళ్లకి గోరింటాకు గానీ రంగు గానీ ఉంటే వేరే వేలికి పెట్టమనండి, చర్మం బాగా నలుపైతే మిషన్ ఉన్నదానికంటే కొంచెం ఎక్కువ చూపించే వీలుంది, అనుమానం ఉంటే రక్తం తీసి ఏబీజీ, అంటే రక్తంలో వాయువులు ఎంత ఉన్నాయో చూసే పరీక్ష, చేస్తారు. ఆ శాతం, మాస్క్ రకం, ఏబీజీ రిపోర్ట్ ఉంటే ఇక్కడ రాయండి, పేరు, ఆసుపత్రి వివరాలు మాత్రం తీసేసి. చూసి చెప్తాను.